అట్టమీది బెంచీ

నా పుస్తకం విడుదలై మూడు వారాలు దాటింది. దాని గురించి ఒక్క ప్రాణి ఒక్క మాట అనలేదు. బాగుందనలేదు సరే, బాగాలేదని కూడా అనలేదు. తిడితే ఓర్చుకోవచ్చు గాని, ఈ మౌనం ఉంది చూశారూ, జాకెట్లో చీమ దూరినట్టే. నలుగురిలో గోక్కోలేం, ఊరుకోనూ లేం.

నా పేరు రంజని. ఉండేది మాధవరం పాలకాలనీలో. పారీస్ కార్నర్ దగ్గర ఒక మిరియాల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తాను. అది పొట్టకోసం. ప్రాణం మీదికి తెచ్చుకున్నది ఇంకొకటుంది. ఉత్తర చెన్నై తెలుగు రచయితల కూటమికి నేనే కార్యదర్శిని, నేనే విలేఖరిని, నేనే టైపిస్టును. నెలకో కాగితం వేస్తాం. పేరు 'కబుర్లు'. ఒక వైపు సభ్యుల వార్తలు, రెండో వైపు కొత్త పుస్తకాలు. యతిరాజులుగారి కొత్త శతకం, జనార్దనంగారి మోకాలి ఆపరేషన్, అన్నీ ఆ ఒక్క కాగితంలోనే సర్దాలి. శతకానికిచ్చినంత చోటు తన మోకాలికి ఇవ్వలేదని జనార్దనంగారు ఒక నెల అలిగారు కూడా.

ఇన్నేళ్ళుగా ఎవరి పుస్తకం వచ్చినా 'పాఠకుల మన్ననలు పొందుతున్నది' అని రాస్తూ వచ్చాను. ఏ పాఠకులు, ఎక్కడి మన్ననలు అని ఒకనాడూ ఆరా తీయలేదు. నా దాకా వచ్చేసరికి ఆ వాక్యం టైపు చేయడానికి చెయ్యి రాలేదు. వచ్చే నెల కాగితంలో నా పుస్తకం పక్కన ఆ చోటు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను.

పుస్తకం పేరు 'కోడంబాక్కం బెంచీ'. తొమ్మిది కథలు. విడుదల తిరువొత్తియూరులో, మావాళ్ళ కల్యాణమంటపం మేడమీద జరిగింది. ప్రార్థన పాడవలసిన అమ్మాయి రాలేదు. ముందు వరుసలో కూర్చున్న మా చెంగమ్మ పెద్దమ్మను పాడమని బతిమాలాను. ఇంట్లో పిండి కలుపుతున్నా, పూలు కడుతున్నా కూనిరాగం మానని మనిషి. "గొంతు పోయిందిమే, నన్నొదిలేయ్" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రార్థన లేకుండానే సభ మొదలైంది.

ముఖ్య అతిథి బాలకృష్ణన్‌గారు తెలుగు భాష తియ్యదనం గురించి చాలాసేపు మాట్లాడారు. మధ్యలో కరెంటు పోయింది. నా పుస్తకంతోనే విసురుకుంటూ ప్రసంగం పూర్తి చేశారు. ఆయన చేతిలో ఆ పుస్తకం అంతసేపు కదలడం అదే మొదలు, అదే చివర.

మా కూటమిలో ఒక ఆచారం ఉంది. సభ్యుల్లో సగానికి పైగా వ్యాపారం చేసుకునే ఇళ్ళవాళ్ళు. ఉగాదికి కొత్త లెక్కల పుస్తకాలకు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి ముందు పెట్టడం తరతరాల అలవాటు. అదే కథల పుస్తకాలకూ వచ్చింది. సభలో ఇంటికొక ప్రతి తాంబూలంలో పెట్టి ఇస్తాం. తీసుకున్నవాళ్ళు దాని మూలలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడింట్లో ఉంచుతారు. మంచి రోజు చూసి తీసి చదవాలి. అధ్యక్షులు యతిరాజులుగారు పెట్టిన నియమం అది. ఆ మంచి రోజు ఎప్పుడొస్తుందో పంచాంగం రాసినవాడికే తెలియాలి.

పెద్దమ్మకు తాంబూలం నేనే ఇచ్చాను. ఆమె పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని అట్టకేసి చాలాసేపు చూసింది. బ్యానర్లు రాసే సుబ్బన్ వేసిన బొమ్మ అది. రైల్వే ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ, దానిమీద గులాబీ రంగు చీరలో ఒకామె, పక్కన రోజ్‌మిల్క్ సీసా పట్టుకున్న పిల్ల. "బొమ్మ బాగుండాది" అంది పెద్దమ్మ. అంతే. నా గుండె చేసిన చప్పుడు మైకులో వినపడలేదు, అదే అదృష్టం.

ఎందుకంటే ఆ గులాబీ చీర పెద్దమ్మదే. ఆ పిల్లను నేను.

నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ కాన్పుకు ఆస్పత్రిలో ఉంటే నన్ను పెద్దమ్మ ఇంట్లో దించారు. ఒకరోజు మధ్యాహ్నం, పెదనాన్న ఫ్యాక్టరీకి, వాళ్ళబ్బాయి విజయకుమార్ అన్న బడికి పోయాక, పెద్దమ్మ గులాబీ చీర కట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. బీచ్ స్టేషన్లో రైలు మారి కోడంబాక్కంలో దిగాం. ఒక పెద్ద గేటు. నన్ను గేటు దగ్గర కావలి మనిషి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికో వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నాకు రోజ్‌మిల్క్ కొనిచ్చింది. తరవాత స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. మేం ఎక్కవలసిన రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి, పెద్దమ్మ లేవలేదు. చీకటి పడబోతుంటే లేచింది. "ఈ మాట ఇంట్లో ఎవురితోనూ చెప్పొద్దు" అంది. నేను చెప్పలేదు.

చెప్పలేదు గాని రాశాను. నా కథలో ఆమె పేరు సుందరమ్మ. ఆ గేటు వెనక ఆమె మనసిచ్చిన మనిషి ఉన్నాడు. సాయంత్రం స్టేషనుకు వస్తాను, కలిసి వెళ్ళిపోదాం అన్నాడు. ఆమె కాచుకుని ఉంది. అతను రాలేదు. వెలిగిపోయిన మొహం, గులాబీ చీర, ఎవరికీ చెప్పొద్దన్న మాట, ఇవన్నీ కలిపితే ఇంకేమొస్తుంది? లెక్కలు చూసేదాన్ని, కూడిక నాకు రాదా? పెద్దమ్మను అడగలేదు. అడిగితే ఒప్పుకుంటుందా ఏ ఆడమనిషైనా?

పుస్తకం అచ్చుకు వెళ్ళేదాకా ఆ కథంటే నాకు గర్వం. విడుదలైన రోజు రాత్రినుంచి అదే భయం. పెద్దమ్మ చదివితే ఏమంటుంది? నన్ను గుమ్మం తొక్కనిస్తుందా? ఇంకోపక్క, చదవకపోతే ఎలా? నేను రాసినవాటిలో ప్రాణమున్న కథ అదొక్కటే. ఆమె చదవకూడదు, ఆమె చదివి తీరాలి. ఈ రెండింటి మధ్య మూడు వారాలు నలిగాను.

ఉండబట్టలేక ఒక ఆదివారం యతిరాజులుగారింటికి వెళ్ళాను. ఆయన లేరు. భార్య అలివేలమ్మ కాఫీ ఇచ్చింది. దేవుడింట్లోకి తొంగి చూశాను. మా కూటమి పుస్తకాలన్నీ దొంతరగా ఉన్నాయి, అన్నిటికీ పసుపు మూలలు, అన్నిటికీ బొట్లు. నాది పైన ఉంది. దానిమీద కర్పూరం డబ్బా.

"మీరు చదివారా అలివేలమ్మగారూ?"

"చూస్తినే. లావుగా ఉండాది. బాగా వేసినారు."

లావు! ఒళ్ళు మండింది. పుస్తకం బాగుందా అంటే లావుగా ఉందనడం, వియ్యపురాలు కూతుర్ని చూసి మెచ్చుకున్నట్టుంది. కాఫీ సగంలో వదిలేసి వచ్చేశాను.

మరుసటి బుధవారం దుకాణంలో ఉండగా పెద్దమ్మ ఫోను చేసింది.

"ఏమే, పనిలో ఉండావా? ఒక మాట. నీ పుస్తకాన్ని ఈ పొద్దు దేవుడింట్లోనుంచి తీసినా. దశమి, మంచి రోజు."

కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "చదివావా పెద్దమ్మా?"

"నేనెట్ల చదవతానే? విజయ్ సాయంత్రం పనినుంచి వచ్చి ఫోన్లో చదివిస్తానన్నాడు. కామిరా చూపిస్తే అదే తెలుగులో చదవతాదంటనే! అంతా చదివించరా అని చెప్పినా."

"కళ్ళు కనబడటం లేదా?"

"కళ్ళకేమే? పొద్దున లేస్తానే అరవ పేపరు ముందునుంచి కడదాకా చదవతా. నాకు తెలుగు అచ్చరాలు రావుగదా. మా పొన్నేరి బడిలో అంతా అరవమే. మాట్లాడేది ఇంటి మాట, చదివేది బడి మాట. అలివేలుకు మాత్రం వస్తాదా? మీ కూటమిలో ఆడోళ్ళు ఎవురికి వస్తాదే?"

అలివేలమ్మ లావు అన్నందుకు కాఫీ సగం వదిలి వచ్చానే, పాపం, ఆమెకు పుస్తకంలో కనబడేది అదొక్కటే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా అని, తెలుగు చదువుతారని నేనే అనుకున్నాను. ఏటేటా పుస్తకాలు వేస్తాం, తాంబూలాలిస్తాం, ఇంటికొకటి పంచుతాం. ఆ ఇళ్ళలో చదవగలిగినవాళ్ళు ఎందరని మాలో ఒక్క రచయిత కూడా అడగలేదు. ఎవరూ మంచి రోజు కోసం ఆగలేదు. సిగ్గు బయటపడకుండా పసుపు రాసి దేవుడికి అప్పజెప్పారు.

ఆ దిగులు పడటానికి కూడా నాకు వ్యవధి లేదు. విజయకుమార్ అన్న ఫోన్లో పెట్టి వినిపిస్తాడు! గులాబీ చీర కట్టుకున్న ఆడమనిషి మొగుడు ఫ్యాక్టరీకి పోయాక ఇంకొకడి కోసం స్టేషన్లో కూర్చున్న కథను, కన్నతల్లిని పక్కన పెట్టుకుని కన్నకొడుకు వింటాడు. ఆ ఫోను గొంతు సిగ్గూ ఎగ్గూ లేకుండా అక్షరం వదలకుండా చదువుతుంది. పెదనాన్న మునిస్వామి పోయి నాలుగేళ్ళయింది. ఆయన పటానికి అన్న ఇప్పటికీ రోజూ పూలు మారుస్తాడు.

"పెద్దమ్మా, ఫోనుతో చదివించొద్దు. దాని ఉచ్చారణ చండాలంగా ఉంటుంది. నేనే వచ్చి చదువుతాను. ఇప్పుడే వస్తున్నా."

"పనిలో ఉండావుగదా?"

"పని తగలబడనీ."

యజమానికి తలనొప్పని చెప్పాను. అబద్ధం కూడా కాదు. మన్నడి స్టేషన్లో మెట్రో ఎక్కాను. కూర్చోవడానికి చోటుంది, కూర్చోలేకపోయాను. తలుపు దగ్గర నిలబడి, ప్రతి స్టేషన్లోనూ రైలు ఎందుకింతసేపు ఆగుతోందని దాన్ని తిట్టుకున్నాను. అన్న పనిచేసేది ఎన్నూరు వైపు కంపెనీలో. బస్సు దొరికితే అయిదున్నరకే ఇల్లు చేరతాడు. దొరకకూడదని మొక్కుకున్నాను. మొక్కు పెదనాన్నకే చేసుకున్నానని కాలడిపేట స్టేషన్ దాటాక గాని తట్టలేదు. ఆయన పరువు కాపాడమని ఆయన్నే అడిగాను!

ఏం చేయాలో దారిలోనే తేల్చుకున్నాను. తొమ్మిది కథల్లో ఎనిమిది చదువుతాను. బెంచీ కథ దాటేస్తాను. చదివాక పుస్తకంలో అచ్చుతప్పులున్నాయి, మంచి ప్రతి తెచ్చిస్తానని ఇది పట్టుకుపోతాను. మా కూటమి పుస్తకాల్లో అచ్చుతప్పులున్నాయంటే నమ్మనివాళ్ళు ఉండరు. ప్రతి పుస్తకంలోనూ వెనక తప్పొప్పుల చీటీ అంటిస్తాం, ఆ చీటీలోనూ తప్పులుంటాయి.

పెద్దమ్మ ఇంటి దగ్గరి తేరడి స్టేషన్లో దిగి దాదాపు పరుగెత్తాను. సముద్రం వైపునుంచి ఎండు చేపల వాసనతో గాలి కొడుతోంది. పెద్దమ్మ వాకిట్లో చాప పరిచి, నీళ్ళ చెంబు పెట్టుకుని, కచేరీకి వచ్చినట్టు సిద్ధంగా కూర్చుని ఉంది. ఒళ్ళో పుస్తకం, మూలలకు పసుపు.

"ఇంత చెమట్లేందిమే? పరిగెత్తినావా? తరిమినారా ఎవురన్నా?"

"అన్న వచ్చాడా?"

"ఇంకా రాలా. కూచో. నీళ్ళు తాగు."

నీళ్ళు తాగి పుస్తకం అందుకున్నాను. "అక్షరాలు రావన్నావే, మరి నెలనెలా కబుర్లు కాగితం ఇస్తే ముందూ వెనకా తిప్పి చూస్తావు కదా?"

"చూస్తా. నీ పేరు యాడుండాదో నాకు తెలుసు. వెనకపక్క, ఆఖర్న, కుడి చేతి తట్టు. అది చూసి మడిచి పెట్టుకుంటా."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెమట తుడుచుకున్నట్టు మొహం తుడుచుకుని చదవడం మొదలుపెట్టాను.

మొదటి కథ చదివాను. పెద్దమ్మ నవ్వవలసిన చోట నవ్వింది. నవ్వకూడని ఒక చోట కూడా నవ్వింది. రెండోది చదివాను. "ఈ మామిగారు మన ఎదురింటి ఆమెనే గదా" అని పట్టేసింది. ఎవరైనా నా కథ వింటుంటే, ఆ, ఊ అంటుంటే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. భయం మరిచిపోయి గొంతు పెంచి చదివాను. మూడో కథ అయింది. నాలుగోది బెంచీ కథ. ఆవలించినట్టు నటిస్తూ, రెండు వేళ్ళతో ఆ పేజీలన్నీ ఒక్కసారే తిప్పేసి అయిదో కథ మొదటి వాక్యం అందుకున్నాను.

పెద్దమ్మ చెయ్యి వచ్చి పుస్తకం మీద పడింది.

"అదేందిమే, అన్ని కాయితాలు ఒకటే తూరి తిప్పేస్తివి?"

"అతుక్కుపోయాయి."

"అతుక్కోనుంటే విడదీయ్." పుస్తకం మూసి అట్ట నా వైపు తిప్పింది. "ఈ బెంచీ కత యాడుండాది? అచ్చరాలు రాకపోతే కళ్ళు కూడా లేవనుకున్నావా? గులాబీ చీర. రెండు పక్కలా ముక్కుపుడక. రోజ్‌మిల్క్ సీసా. ఆ పొద్దు మంటపంలో చూస్తానే తెలిసిపోయింది నాకు. నువ్వే చదవతావని మూడు వారాలుగా కాచుకోని ఉండా. నువ్వు రాలా. అందుకే విజయ్ మాట తెచ్చినా. అప్పుడు పరిగెత్తుకోని వస్తివి."

పట్టుబడ్డ దొంగకు పారిపోవడానికి దారైనా ఉంటుంది. నాకు ఆ వాకిలి, ఆ చాప, ఆమె చూపు తప్ప ఇంకేం లేవు. గేటువైపు చూశాను. అన్న రాలేదు.

"చదువు" అంది పెద్దమ్మ. "అన్న వచ్చేలోగా చదివెయ్."

చదివాను. సుందరమ్మ చీర కట్టుకోవడం చదివాను, రైలు మారడం చదివాను, గేటు చదివాను. గేటు వెనక మనిషి వచ్చిన చోట ఆగాను. పెద్దమ్మ ఊఁ అంది. చదివాను. అతని మాట, ఆమె నమ్మకం, బెంచీ, వచ్చిపోయే రైళ్ళు, చీకటి పడటం, అతను రాకపోవడం. చివరి వాక్యం అయ్యాక తలెత్తలేదు. పక్కింటి కుక్కర్ కూత పెట్టింది.

"ఎవురే ఆ మొగోడు?" అంది పెద్దమ్మ.

తలెత్తాను. ఆమె మొహంలో కోపం లేదు. నవ్వు ఆపుకుంటోంది. ఆపుకోలేక బయటికే నవ్వేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అయ్యో పిచ్చిదానా. నేను పాడేదానికి పోతినే. అది పాటలు పట్టే స్టూడియో. మన వీధి భజనలో ఆర్మోనీ వాయించే శివరామ్ సారు ఉండెగదా, ఆయనే చెప్పినాడు, ఆడ గుంపులో పాడేదానికి ఆడోళ్ళు కావాలంట, నీ గొంతు బాగుండాది, పోయి చూడమ్మా అని. పోతి. పాడమన్నారు, పాడితి. వచ్చినోళ్ళల్లో నన్నూ ఇంకొకామెనూ నిలబెట్టుకున్నారు. రేపటినుంచి రామ్మా అన్నారు."

"మరి?"

"మరేముండాది? బెంచీ మీద కూచోని ఆలోచన చేస్తి. పాట పట్టేది ఒక్కోసారి పొద్దుపోయిందాకా ఉంటాదంట. విజయ్‌కు అన్నమెవురు పెడతారు? మామగారేమంటాడు? వీధిలో ఏమంటారు? రైలొచ్చినప్పుడల్లా ఇది పోనీ, ఇంకొకదాంట్లో పోదాం, ఆ లోపల తేల్చుకుందాం అనుకుంటి. తేలలా. నువ్వు ఆకలని ఏడస్తివి. వచ్చేస్తి."

నాకు ఆ గేటు మళ్ళీ కనబడింది. స్టూలు మీద నేను కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉండగా, లోపల ఎక్కడో పెద్దమ్మ పాడుతూ ఉంది. ఆ పాట వినడానికి పనికిరాని నా చెవులు, పెద్దయ్యాక దానికి బదులు ఒక మగవాణ్ణి పుట్టించాయి.

"పెదనాన్న వద్దన్నాడా?"

పెద్దమ్మ చాప అంచు పోగు ఒకటి లాగింది.

"ఆయన్ను అడిగితే గదా వద్దనేది. పాపం, ఆ మనిషి పోయిరా అనేవాడేమో. అంటాడేమో అనే నాకు భయం. అప్పుడు పోవాలగదా. అందుకే అడగలా. ఆయన పొయ్యేదాకా ఆయనకు తెలీదు."

కోపం వచ్చింది నాకు. ఎవరిమీదో తెలియదు. నామీద కొంత, ఆ శివరామ్ సారు మీద కొంత, ఏమీ తెలియకుండా పటంలో నవ్వుతున్న పెదనాన్న మీద కూడా కొంత. పెద్దమ్మ మీద మాత్రం రానివ్వలేదు. వస్తే ఏడుస్తానని తెలుసు.

"నేను దిద్దుతాను పెద్దమ్మా. వచ్చే నెల కబుర్లులో వేస్తాను. తప్పొప్పుల చీటీ కొట్టించి ప్రతి పుస్తకంలోనూ అంటిస్తాను. ఆ మనిషిని తీసేసి, పాట పెడతాను. నీ పేరు రాకుండానే."

"వొద్దు" అంది. గట్టిగానే అంది. "ఆ మొగోడు ఉండనీ."

"నీకు చెడ్డపేరు కదా?"

"నాకెందుకే? సుందరమ్మకు గదా. చదివినోళ్ళు వాణ్ణి తిట్టుకుంటారు, పాపిష్టోడు, రాకుండా పోయినాడే అని. ఆమె మీద జాలి పడతారు. నా కతలో తిట్టేదానికి ఎవురుండారే?"

పుస్తకం మూసి చేత పట్టుకున్నాను.

గేటు గడియ చప్పుడైంది. విజయకుమార్ అన్న చెప్పులు విడుస్తూ లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, అమ్మ దగ్గర ఇంకా బడినుంచి వచ్చినట్టే సంచి కింద పడేస్తాడు. అన్నకు తెలుగు వస్తుంది గాని నాలుక అరవం వైపే మొగ్గుతుంది.

"ఎన్న రంజనీ, నువ్వే చదివేసినావా? నేను ఫోన్లో చార్జి కూడా పెట్టుకోని వచ్చినా." నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. అట్ట చూశాడు. దగ్గరికి పెట్టుకుని చూశాడు. "ఇది నీ మాదిరియే ఉండాదేమ్మా!"

నేను పెద్దమ్మకేసి చూశాను.

"ఆ సుబ్బన్‌కు తెలుగు ఆడోళ్ళంటే నేనొక్కతెనే తెలుసు" అంది పెద్దమ్మ, తడుముకోకుండా. "బొమ్మ వెయ్యమంటే నా మూతే వేసినాడు."

అన్న నవ్వి చాప మీద కూలబడ్డాడు. చెంబులో మిగిలిన నీళ్ళు గటగటా తాగాడు. "సరి, ఎన్న కదైమ్మా ఇది? ఏం కత?"

పెద్దమ్మ పుస్తకాన్ని అన్న చేతిలోంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"స్టేషన్లో ఒకామె కూచోనుంటాది. ఒకడి కోసరం."

"వచ్చినాడా?"

"రాలా."

"యేన్? ఎందుకు రాలా?"

పెద్దమ్మ నావైపు చూసింది. పసుపు మూలను బొటనవేలితో రుద్దుతూ అంది.

"అది తెలుసుకోకుండానే ఈ పిల్ల పుస్తకం వేసేసింది."